పచ్చ లైటు వెలిగినా తీగలు ఎందుకు వణికాయి?

హనుమకొండ

ప్రియమైన మనవలకు,

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మన చిన్నది గిటార్ ఒళ్లో పెట్టుకుని ఒక మాట అడిగింది. "తాతా, శ్రుతి చూపే ట్యూనర్‌లో ఆరు తీగలకూ సరిగ్గా ఉందని పచ్చ లైటు వచ్చింది. కానీ కలిపి వాయిస్తే లోపల ఏదో వణుకుతోంది. ట్యూనర్ పాడైందా, నా చెవి పాడైందా?" ఫోన్‌లో చెప్పేంత చిన్న జవాబు కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. రెండూ బాగానే ఉన్నాయి బిడ్డా. ఆ వణుకు వినబడిందంటే నీ చెవి చాలా బాగుంది.

మా చిన్నప్పుడు సంక్రాంతికి అయినవోలు మల్లన్న జాతరకు ఎడ్లబండి మీద పోయేవాళ్లం. రాత్రి అన్నాలు తిని బయల్దేరితే తెల్లారేసరికి గుడి దగ్గర ఉండేవాళ్లం. బండిలో గడ్డి పరిచి, పైన గొంగడి వేసి పిల్లలందరినీ పడుకోబెట్టేవారు. నాకు నిద్ర వచ్చేది కాదు. ఎలపటెద్దు మెడలో ఒక గంట, దాపటెద్దు మెడలో ఒక గంట. కాసేపు రెండూ ఒక్కసారే గల్లుమనేవి. మెల్లగా ఒకటి వెనకబడి, గల్లు గల్లు అని విడివిడిగా మోగేవి. ఇంకొంచెం దూరం పోయాక మళ్లీ కలిసేవి. రెండెద్దుల అడుగులో తేడా కొంచెమే ఉంటే ఈ కలవడం, విడిపోవడం నిదానంగా సాగేది. తేడా పెరిగితే గబగబా జరిగేది. చీకట్లో ఎద్దుల కాళ్లు కనబడవు కదా, మా నాయిన ఆ గంటలు విని పగ్గం సర్దేవాడు.

తీగలు కూడా కాడికి కట్టిన ఎద్దులే అనుకోండి. మీ గిటార్‌లో మూడో తీగ, జి, సెకనుకు 196 సార్లు ఊగుతుంది. దాని పక్కనున్న బి తీగ 245 సార్లు ఊగితే, జి నాలుగు అడుగులు వేసేసరికి బి సరిగ్గా ఐదు అడుగులు వేస్తుంది. ప్రతి నాలుగో అడుగుకూ గంటలు కలుస్తాయి, చెవికి హాయిగా ఉంటుంది. కానీ ట్యూనర్ బి తీగను 245 దగ్గర ఆపదు. దాదాపు 247 దగ్గర పచ్చ లైటు వెలిగిస్తుంది. తేడా రెండు అడుగులే. ఆ రెండు అడుగులకే గంటలు తప్పుతాయి. జి ఊపుకు ఐదింతలు, బి ఊపుకు నాలుగింతలు కలవాల్సిన చోట ఆ రెండు తేడా నాలుగింతలవుతుంది. చిన్నది విన్న వణుకు అదే, సెకనుకు దాదాపు ఎనిమిది సార్లు.

ట్యూనర్ తప్పు చెప్పిందని అనుకోకండి. కింది స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని పన్నెండు సమానమైన మెట్లుగా పంచుకున్నారు. అలా పంచితే ఏ పాటనైనా ఏ శ్రుతిలోనైనా వాయించుకోవచ్చు. ఊళ్లో ఏ ఎద్దును తెచ్చి ఏ ఎద్దు పక్కన కట్టినా బండి నడవాలి కదా, అందుకని ప్రతి ఎద్దు అడుగునూ కొంచెం కొంచెం సర్దారన్నమాట. ఎ అనే స్వరానికి సెకనుకు 440 అని 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఒప్పుకున్నారు. మామూలుగా ట్యూనర్ ఆ అంకె నుంచే మిగతావన్నీ లెక్క కడుతుంది. ఒక్కో ఎద్దునూ విడిగా నడిపించి అడుగులు లెక్కపెడుతుంది. జోడు కలిసిందా లేదా అన్నది మాత్రం మనమే వినాలి. ఫంక్షన్‌లో డీజే హోరులో మన తీగ మనకే వినబడనప్పుడు, గిటార్ తలకు తగిలించే ట్యూనర్ చెక్క అదురు పట్టుకుని సరిగ్గా చెబుతుంది. అక్కడ దానికి మించింది లేదు. మీ దగ్గరున్నది పారేయకండి.

మా ఊరి భజనలో స కు అంకె ఉండేది కాదు. పాడేవాళ్ల గొంతుకు ఏది అందితే అదే స. తంబూరకు నాలుగు తీగలు: ప, స, స, కింది స. పదేళ్లప్పుడు ఒక శనివారం దాన్ని శ్రుతి చేసే పని నాకు ఇచ్చారు. నేను బిరడా తిప్పుతూ, ఆ ఒక్క తీగనే మీటుతూ, ఇంకా ఇంకా అని బిగించాను. తీగ ఠప్పున తెగి వేలికి కొట్టుకుంది. భజన పెద్దాయన కోప్పడలేదు. కొత్త తీగ వేసి నా పక్కన కూర్చుని, "నువ్వు తిప్పే తీగను కాదు బిడ్డా, దాని పక్క తీగను విను" అన్నాడు. అరవై ఏళ్లు దాటినా ఆ మాట నాకు పనికొస్తూనే ఉంది, ఇంట్లో నలుగురం మాట్లాడుకునేటప్పుడు కూడా.

జాతర దగ్గర డప్పులు కాచడం కూడా మీకు చెప్పాలి. తెల్లవారుజామున మంచు కురిసి డప్పు తోలు మెత్తబడుతుంది. కొడితే మొద్దుగా మోగుతుంది. గడ్డిమంట వేసి, డప్పును దానికి ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ కాచేవారు. తోలులో చెమ్మ ఆరి బిగుసుకుంటుంది. మరీ దగ్గర పెడితే చిట్లిపోతుంది. ఒకాయన డప్పును మంట నుంచి తీసి, అరచేత్తో తోలును ఒకసారి రాసి, సిటికెన పుల్లతో చిన్నగా కొట్టేవాడు. కొట్టి, తన డప్పును కాదు, అటువైపు నిలబడ్డ మనిషిని చూసేవాడు. అతను తన డప్పును కొట్టేవాడు. ఇద్దరూ ఒక క్షణం ఆగి, మళ్లీ మంట దగ్గరికి వెళ్లేవారు. ఆ మంట ముందు గొంగడి కప్పుకుని నిలబడి చూస్తుంటే నాకు చలి తెలిసేది కాదు.

ఇప్పుడు మీకొక పని. ఇల్లు సద్దుమణిగాక, ఫ్యాన్ ఆపి, ముందు ట్యూనర్‌తోనే ఆరు తీగలూ సరిచేసుకోండి. తర్వాత ట్యూనర్ పక్కన పెట్టి జి, బి తీగలను ఒక్కసారే మీటి, మోత ఆరిపోయేదాకా వినండి. వణుకు దొరికిందా? బి తీగ కీని వెంట్రుకవాసి వదులు చేసి మళ్లీ మీటండి. వణుకు నిదానిస్తుంది. ఇంకొంచెం వదలండి. ఒకచోట అది పూర్తిగా ఆగి, రెండు తీగలూ ఒక్కటైనట్టు మోగుతాయి. ఆ చోటు దాటిపోతే వణుకు మళ్లీ మొదలవుతుంది, అప్పుడు కొంచెం వెనక్కి రండి. దొరికాక ట్యూనర్ చూస్తే ముల్లు ఎడమకు వాలి ఉంటుంది. ఉండనివ్వండి.

అప్పుడు బి తీగను కదిలించకుండా, దానితో పాటు కింద ఉన్న సన్నటి ఇ తీగను మీటండి. ఏం వినబడిందో రాత్రే నాకు ఫోన్ చేసి చెప్పండి. మేలుకునే ఉంటాను.

మీ తాత