పొగతో పెట్రోలు చేస్తామనేవాళ్లను ముందు ఈ ఒక్కటి అడగండి: సీఓటూపై అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం ఎర్రగుంట్ల నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. మా నాన్నకు పాత స్నేహితులు. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చేతిసంచిలోంచి ఒక బ్రోచర్ తీసి నా ముందు పెట్టారు. "నాయనా, నువ్వు చేసేది ఈ గ్యాస్ పనే కదా. ఇది చూసి ఒక్క మాట చెప్పు. రిటైర్మెంట్ డబ్బు పన్నెండు లక్షలుండాది. బ్యాంకులో పెట్టుకుంటే ఏమొస్తాది?" అన్నారు.

బ్రోచర్ మొదటి పేజీలో ఒక బొమ్మ. ఎడమవైపు సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్, మధ్యలో తళతళలాడే స్టీలు రియాక్టర్, కుడివైపు నీలం డ్రమ్ము. డ్రమ్ము మీద మిథనాల్ అని రాసి ఉంది, పెట్రోలులా మండే ద్రవం అది. కింద లావు అక్షరాలతో: "టన్ను సీఓటూతో 900 లీటర్ల మిథనాల్".

రెండేళ్లలో ఇలాంటి కాగితం నా చేతికి రావడం ఇది ఐదోసారి. పొగగొట్టాల్లోంచి సీఓటూను వేరు చేసే యూనిట్ల మీద పదేళ్లకు పైగా పని చేస్తున్నాను. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, తాడిపత్రి చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల మధ్యే నా తిరుగుడంతా. బస్టాండులో, పెళ్లిళ్లలో, చివరికి చావు ఇంటి దగ్గర కూడా ఇదే ప్రశ్న అడుగుతారు: "ఆ పొగంతా ఊరికే పోతాండాదే, దాన్ని పట్టి పెట్రోలు చేయలేరా?" అడగడంలో తప్పు లేదు. ఆ ప్రశ్నను అడ్డం పెట్టుకుని డబ్బు వసూలు చేసేవాళ్లను చూస్తేనే నాకు మండుతుంది.

అపోహ: సీఓటూ ఊరికే దొరుకుతుంది, దాంతో ఇంధనం చేస్తే మిగిలేదంతా లాభమే

పొయ్యిలో కట్టె మండి బూడిదైంది. ఆ బూడిదనే మళ్లీ పొయ్యిలో పోస్తే అన్నం ఉడుకుతుందా? సీఓటూ కూడా అంతే. కార్బన్ పూర్తిగా మండిపోయాక మిగిలిన సరుకు అది. ఇవ్వాల్సిన వేడి ఎప్పుడో ఇచ్చేసింది. దాన్ని మళ్లీ మండే వస్తువుగా మార్చాలంటే, అప్పుడు బయటికి పోయిన శక్తినంతా మనం తిరిగి పెట్టాలి, దారిలో పోయే నష్టాలతో సహా. ఎంత గొప్ప క్యాటలిస్ట్ వాడినా ఈ లెక్క మారదు. క్యాటలిస్ట్ పనిని తొందర చేస్తుంది, కరెంటు బిల్లు కట్టదు.

ఆ బ్రోచర్‌లోని 900 లీటర్ల లెక్క తప్పు కాదు. అందుకే అది చదువుకున్నవాళ్లను కూడా పడేస్తుంది. టన్ను సీఓటూ మొత్తం మారితే కాగితం మీద ఆ మాత్రం మిథనాల్ వస్తుంది. కానీ ఆ బొమ్మలో ఒక వస్తువు లేదు. హెడ్మాస్టరు గారికి పెన్ను ఇచ్చి అడిగాను: "సార్, ఇందులో హైడ్రోజన్ ఎక్కడుందో చూపించండి." ఆయన కళ్లద్దాలు సర్దుకుని రెండు పేజీలూ తిప్పారు. ఎక్కడా లేదు.

సీఓటూను మిథనాల్ చేసేది హైడ్రోజనే. టన్ను మిథనాల్‌కు దాదాపు 1.4 టన్నుల సీఓటూ, 190 కిలోల హైడ్రోజన్ కావాలి. సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్ వాడితే, అది తీసేటప్పుడు అక్కడ కొత్తగా సీఓటూ పుడుతుంది. చేసిన పని చేసినట్టే పోయింది. నీళ్లను కరెంటుతో విడగొట్టి తీస్తే కిలో హైడ్రోజన్‌కు 50 నుంచి 55 యూనిట్లు. అంటే టన్ను మిథనాల్‌కు సుమారు పదివేల యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా 60 వేలు. మామూలు మిథనాల్ మన మార్కెట్లో దానికి సగం ధర అటూఇటూగా దొరుకుతుంది. ఇంకా రియాక్టర్ ఖర్చు, కంప్రెసర్ ఖర్చు, మనుషుల జీతాలు కలపలేదు. పోనీ ఆ టన్ను మిథనాల్‌ను మండిస్తే ఎంత వేడి వస్తుంది? యూనిట్లలో చెప్తే ఐదున్నర వేలు. పదివేలు పోసి ఐదున్నర వేలు తోడుకోవడాన్ని వ్యాపారం అంటారా?

నీళ్ల సంగతి కూడా చెప్పాలి, ఇది రాయలసీమ కాబట్టి. ఆ 190 కిలోల హైడ్రోజన్ కోసం విడిపోయే నీళ్లే టన్నూ ఏడు వందల కిలోలు. శుద్ధి చేసేటప్పుడు, చల్లబరిచేటప్పుడు పోయేది వేరే. వెయ్యి అడుగులు వేసినా బోరు పడని ఊళ్లలో ఇది చిన్న మాట కాదు.

"మరి వేరే దేశాల్లో నడుస్తున్నాయంట కదా" అంటారు. నిజమే, కట్టి నడిపారు. ఐస్‌లాండ్‌లో 2012లో మొదలైన ప్లాంటు సామర్థ్యాన్ని తర్వాత ఏడాదికి 4,000 టన్నుల మిథనాల్‌కు పెంచారు. అక్కడ భూమిలోని వేడితో కరెంటు చౌకగా వస్తుంది. చైనాలో ఆన్‌యాంగ్ దగ్గర 2022లో లక్షా పదివేల టన్నులది పెట్టారు. అక్కడ బొగ్గును కోక్ చేసే బట్టీల (కోక్ ఓవెన్ల) గ్యాస్‌లో హైడ్రోజన్ ముందే ఉంది. రెండు చోట్లా హైడ్రోజన్‌కు సమాధానం చూసుకున్నాకే ప్లాంటు కట్టారు. మన ఊరి షెడ్డులో నాలుగు సిలిండర్లు, ఒక రియాక్టర్ పెట్టుకున్నవాడి దగ్గర ఆ సమాధానం లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా చిన్నమ్మ కొడుకు ఇందులో దెబ్బతిన్నాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. జమ్మలమడుగు దగ్గర రెండెకరాలు అమ్మి, ఒక కంపెనీకి అడ్వాన్స్ కట్టాడు. నాకు చెప్పలేదు. చెప్తే వద్దంటానని భయపడ్డాడంట. మిషన్ వచ్చింది, అదొక్కటే నయం. నేను చూడటానికి వెళ్లేసరికి నీలం టార్పాలిన్ కింద ఉంది. టార్పాలిన్ ఎత్తితే ప్రెజర్ గేజ్ ముల్లు సున్నా మీద ఉంది, గాజు లోపల సాలెగూడు. దాన్ని ఒక్కసారీ నడపలేదు. హైడ్రోజన్ సిలిండర్లు ఎవరు తేవాలన్న దగ్గరే కంపెనీవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. "రేయ్, నువ్వు ముందే ఒక కాగితం మీద రాసిచ్చి ఉంటే బాగుండేదిరా" అన్నాడు అన్న. కోపంగా అనలేదు, అందుకే అది నన్ను ఇప్పటికీ వదలదు. అంతకు ఏడాది ముందు ప్రొద్దుటూరులో ఒక కాలేజీ మీటింగులో నేనే "పొగ నుంచి ఇంధనం" అని ఉత్సాహంగా మాట్లాడి వచ్చాను. ఆ మాట వాడు విన్నాడు. హైడ్రోజన్ గురించి ఆ రోజు నేను ఒక్క ముక్కా చెప్పలేదు.

కాబట్టి ఎవరైనా మీ దగ్గరికి ఇలాంటి యూనిట్ పట్టుకొస్తే అడగండి: హైడ్రోజన్ ఎక్కడి నుంచి, కిలో ఎంతకు? కరెంటు యూనిట్ రేటు ఎంత వేసుకున్నారు? తయారైన సరుకు ఎవరు కొంటారు, వాళ్లు రాసిచ్చిన ఒప్పందం ఏది? నడుస్తున్న ప్లాంటు ఒక్కటి చూపిస్తారా, మనం వెళ్లిన రోజు మీటరు తిరుగుతూ కనిపిస్తుందా? ఇంకొకటి, మిథనాల్ విషం, పైగా ఇట్టే అంటుకుంటుంది. ఇంటి పక్క షెడ్డులో డ్రమ్ములు పేర్చుకునే సరుకు కాదది.

హెడ్మాస్టరు గారు మొదటి ప్రశ్న మా ఇంట్లోంచే ఫోన్ చేసి అడిగారు. "గాల్లోంచి తీసుకుంటుంది సార్, ఆటోమేటిక్" అన్నాడు అవతలి మనిషి. గాల్లో హైడ్రోజన్ పది లక్షల పాళ్లలో ఒక పాలు కూడా ఉండదు. ఆయన బ్రోచర్ నా దగ్గరే వదిలేసి వెళ్లారు.

అపోహ: అయితే ఇదంతా మోసమే

కాదు. నీరు పల్లమెరుగు అన్నట్టు, సీఓటూకు కూడా పల్లం ఉంది. మిథనాల్, పెట్రోలు ఎత్తున ఉంటాయి. అక్కడికి మోటారు పెట్టి ఎక్కించాలి. కార్బనేట్లు, అంటే రాళ్లు, పల్లాన ఉంటాయి. దానంతట అదే దిగుతుంది.

మీరు కళ్లారా చూసిందే ఇది. సంక్రాంతికి ముందు మా అవ్వ కుండలో కాల్చిన సున్నపు రాళ్లు వేసి నీళ్లు పోసేది. కుతకుతా ఉడికేది. మర్నాడు గోడకు పూస్తే తడి మీద మసగ్గా ఉండి, ఆరేకొద్దీ తెల్లబడి, రోజులు గడిచేకొద్దీ గట్టిపడేది. ఆ గట్టిపడటం ఉత్త ఆరడం కాదు. సున్నం గాల్లోని సీఓటూను పట్టుకుని మళ్లీ సున్నపురాయి అవుతోంది. మన ఇళ్లలో పరిచే కడప బండలు కూడా సున్నపురాయి జాతివే. స్వచ్ఛమైన సున్నపురాయి వంద కిలోల్లో 44 కిలోలు సీఓటూ. బట్టీలో కాలిస్తే అదే బయటికి వస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీ పొగలో సగానికి పైగా సీఓటూ బొగ్గుది కాదు, ఈ రాయిదే.

"మరి సున్నంతోనే పట్టేద్దాం" అంటారు వెంటనే. ఆ సున్నం చేయడానికి రాయిని కాల్చినప్పుడు అంతే సీఓటూ వదిలాం కదా. అందుకే మేము వెతికేది ముందే కాలి, పారేసిన సరుకు కోసం: స్టీలు ప్లాంటు స్లాగ్ (ఇనుము తీశాక మిగిలే చిట్టెం) లాంటివి. మన థర్మల్ ప్లాంట్ల ఫ్లై యాష్ గుట్టలు చూసి చాలామంది ఆశపడతారు. మన బొగ్గు బూడిదలో కాల్షియం తక్కువ, అది పట్టేది కొంచెమే. ఇటుకలకు, సిమెంటులో కలపడానికి వాడుకోవడమే దానికి మేలు.

తమిళనాడులోని తూత్తుకుడిలో 2016 నుంచి ఒక రసాయన ఫ్యాక్టరీ తన బొగ్గు బాయిలర్ పొగలోంచి సీఓటూ పట్టి సోడా యాష్ చేయడం మొదలుపెట్టింది. గాజుకూ డిటర్జెంట్లకూ వాడే సరుకు. ఏడాదికి 60 వేల టన్నులు పట్టేలా కట్టారు. అక్కడ కూడా లెక్క కుదిరింది ఎందుకంటే, వాళ్లకు సీఓటూ ఎలాగూ కావాలి, కొనుక్కునే బదులు పట్టుకున్నారు. జర్మనీలో పరుపుల ఫోమ్‌కు వాడే పాలియాల్‌లో ఐదో వంతు వరకు సీఓటూ ఎక్కించారు. అది ప్లాస్టిక్ గొలుసులో అతుక్కుపోయి ఉంటుంది. పరుపు మీద పడుకుంటే గ్యాస్ వస్తుందా అని అడిగినవాళ్లున్నారు, రాదు. తలనొప్పి మాత్రలోని ఆస్పిరిన్‌కు మూలమైన సాలిసిలిక్ ఆమ్లం కూడా సీఓటూతోనే చేస్తారు, పంతొమ్మిదో శతాబ్దం నుంచీ.

అపోహ: ఒకసారి పట్టుకుంటే గాల్లోకి ఇక రాదు

ఏం చేశామన్నదాన్ని బట్టి. రాయి చేస్తే వందల ఏళ్లు ఉంటుంది. మిథనాల్ చేస్తే మండించిన రోజే వస్తుంది. యూరియా అయితే మీకే తెలియాలి: టన్ను యూరియా తయారీలో 730 కిలోల సీఓటూ వాడతారు, ప్రపంచంలో రసాయనాల కోసం సీఓటూను ఎక్కువగా తినేది అదే. వరి మడిలో చల్లిన కొద్ది రోజుల్లోనే అది నేలలో విడిపోయి వచ్చిన దారినే పోతుంది.

అపోహ: దీంతో ఫ్యాక్టరీల పొగ మొత్తం మాయమవుతుంది

వెయ్యి మెగావాట్ల బొగ్గు ప్లాంటు నిండుగా నడిస్తే గంటకు సుమారు 900 టన్నుల సీఓటూ వదులుతుంది. పైన చెప్పిన ఐస్‌లాండ్ ప్లాంటు ఏడాదంతా వాడుకోగలిగింది 5,500 టన్నులు. అంటే ఆరు గంటల పొగ. ఈ పని చేయాలి, కానీ మిగతాది సిమెంటులో క్లింకర్ (సున్నపురాయిని కాల్చి చేసే ముద్ద) తగ్గించడం, కరెంటును బొగ్గు నుంచి మార్చడం, భూమిలో దాచడం మీదే ఉంది.

అపోహ: సీఓటూ యూనిట్ పెడితే ఊరికి భోపాల్ గతి పడుతుంది

ముద్దనూరు వైపు ఒక ఊళ్లో డ్వాక్రా మీటింగులో ఒకామె లేచి అడిగింది: "సార్, మా పిల్లోళ్లు నిద్రలో పోతే ఎవురు జవాబు?" పక్కవాళ్లు ఆమెను కూర్చోబెట్టబోయారు. నేను వద్దన్నాను. ఆమె అడిగింది అడగాల్సిన ప్రశ్నే.

భోపాల్‌లో లీకైంది వేరే రసాయనం, కొద్దిపాటి పీల్చినా ఊపిరితిత్తులు కాలిపోతాయి. సీఓటూ అలాంటిది కాదు. మనం వదిలే ప్రతి ఊపిరిలో నాలుగు శాతం దాకా ఉంటుంది. చాలామంది దీన్ని కార్బన్ మోనాక్సైడ్ అనుకుని భయపడతారు, అది వేరు. అయినా సీఓటూలో ప్రమాదం లేదని నేను చెప్పను. గాలి కంటే బరువు, పల్లంలో చేరుతుంది. 1986లో కామెరూన్‌లో న్యోస్ సరస్సు అడుగు నుంచి ఒక్కసారిగా పొంగి రాత్రికి రాత్రి 1,700 మందికి పైగా చనిపోయారు. 2020లో అమెరికాలోని మిసిసిపీలో సీఓటూ పైపులైను పగిలి 45 మంది ఆసుపత్రికి వెళ్లారు, ఎవరూ చనిపోలేదు.

ఈ ప్రమాదం మన పెద్దలకు కొత్త కాదు. మా జేజినాయన జొన్న పాతర తెరిచిన రోజు నాకు గుర్తుంది. మూతబండ తీసి, మమ్మల్ని దూరంగా నిలబెట్టి, లోపలి గాలి పోయేదాకా చాలాసేపు ఆగాడు. తర్వాత తాడుకు లాంతరు కట్టి మెల్లగా దించాడు. సగం దిగాక మంట చిన్నదై ఆరిపోయింది. లాంతరు పైకి లాగి, "ఈ పొద్దు వద్దు" అని మళ్లీ కూర్చున్నాడు. లోపల జొన్నలు ఊపిరి పీల్చి వదిలిన సీఓటూయే అది. ఇప్పుడు మేము లాంతరును నమ్మం, ఎందుకంటే మంట ఆరకముందే మనిషికి కళ్లు తిరిగేంత గ్యాస్ ఉండొచ్చు. ఎనిమిది గంటలు పని చేసే చోట గాల్లో సీఓటూ అర శాతం దాటకూడదు, పీల్చే గాల్లోనే నాలుగు శాతమంటే ప్రాణాపాయం కింద లెక్క.

అందుకే ఆమెకు ఇలా చెప్పాను: అక్కా, యూనిట్ వద్దని గొడవ చేయకముందు నాలుగు అడగండి. గ్యాస్ మీటర్లు ఎక్కడ పెడతారు, ఎన్ని? తలకంటే పైన గోడకు బిగిస్తే ఒప్పుకోవద్దు, మోకాలి ఎత్తులో ఉండాలి. సైరన్ ఊళ్లోకి వినిపిస్తుందా? మోగితే ఎటు పోవాలి? వాగు వైపు కాదు, మిట్టకు. పైపు ఊరి పల్లంలోంచి పోతుందా, పక్క నుంచా? ఆమె పొదుపు పుస్తకం వెనక అట్ట మీద ఈ నాలుగూ రాసుకుంది. మరుసటి మీటింగులో ఇంజనీర్లు మ్యాపు పరిచినప్పుడు, మొట్టమొదట వాగు ఎక్కడుందో చూపించమని అడిగింది ఆమే.