స్క్రబ్‌లో పూసలు పోయాయి, ప్లాస్టిక్ పోలేదు

సబ్బులు, షాంపూలు, ఫేస్‌వాష్‌ల్లాంటి కడిగేసుకునే సరుకుల్లో మైక్రోప్లాస్టిక్, అంటే 5 మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ రేణువులు, ఉండకూడదని ఐరోపా యూనియన్ పెట్టిన గడువు 2027 అక్టోబరు. అది దగ్గరపడేకొద్దీ పాత పేచీ మళ్లీ మొదలైంది. మైక్రోబీడ్స్ (ఒళ్లు రుద్దుకోడానికి స్క్రబ్‌లో వేసే ప్లాస్టిక్ పూసలు) ఎప్పుడో తీసేశామని కంపెనీలు అంటున్నాయి. మరి క్రీములు, పౌడర్ల సంగతేంటి అని పర్యావరణ కార్యకర్తలు అడుగుతున్నారు. ఈ పేచీ అర్థం కావాలంటే అమెరికాలో 2015లో ఏం జరిగిందో చూడాలి.

అంతకు మూడేళ్ల ముందు, 2012 వేసవిలో, పరిశోధకులు షెర్రీ మేసన్, మార్కస్ ఎరిక్సన్ బృందం అమెరికా-కెనడా సరిహద్దులోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్లో సన్నటి వలలు లాగితే గుండ్రటి రంగు పూసలు పడ్డాయి, అచ్చం ఫేస్‌వాష్‌లో ఉండేలాంటివే. రాష్ట్రాలు చట్టాలకు దిగాయి. 2014లో ఇల్లినాయ్ ముందుగా నిషేధించింది కానీ ‘మట్టిలో కలిసిపోని’ ప్లాస్టిక్ అని రాసి, కలిసిపోతుందని చెప్పుకునే రకాలకు దారి వదిలేసింది. 2015 అక్టోబరులో కాలిఫోర్నియా ఆ దారి కూడా మూసింది. ఆ వెంటనే, అదే ఏడాది డిసెంబరు 28న, ఒబామా సంతకంతో దేశమంతటికీ ఒకే చట్టం వచ్చి రాష్ట్రాల చట్టాలను పక్కకు నెట్టేసింది. పరిశ్రమ కూడా దాన్ని సమర్థించింది.

మలుపు అక్కడే ఉందని నా నమ్మకం. ఆ చట్టం ఆపింది ఒళ్లు రుద్దుకోడానికో శుభ్రం చేసుకోడానికో వేసి, ఆ తర్వాత కడిగేసుకునే 5 మిల్లీమీటర్ల లోపు గట్టి ప్లాస్టిక్ రేణువుల్నే. పౌడర్లలో నునుపు కోసం వేసే నైలాన్-12, లిప్‌స్టిక్, తళుకులు, ఇవేవీ దాని లెక్కలోకి రాలేదు. మన దగ్గర కూడా 2017లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్లాస్టిక్ మైక్రోబీడ్స్‌నే సురక్షితం కాని పదార్థాల జాబితాలో చేర్చింది, 2020 నుంచి అమలు. సమస్య అంటే పూస అన్న ఆలోచన అలా స్థిరపడిపోయింది.

నేరుగా రేణువులుగానే సముద్రంలో చేరే మైక్రోప్లాస్టిక్‌లో తమ వాటా చాలా తక్కువని పరిశ్రమ అంటుంది, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2017 అంచనాలో అది 2 శాతమే, సింథటిక్ బట్టల ఉతుకు 35, టైర్లు 28. అంకె సరైనదే. కానీ బట్టా టైరూ అరిగి రాలుస్తాయి, ఇక్కడ మనిషే కావాలని కలుపుతున్నాడు, మానెయ్యడం కూడా వాడి చేతిలోనే ఉంది.

ఎందుకు కలిపారంటే, అంతకుముందు వాడిన వాల్‌నట్ పెంకుల పొడికి అంచులు పదును, ప్లాస్టిక్ పూస నున్నగా ఉంటుంది. కానీ మన ఇళ్లలో దానికి జవాబు ముందే ఉంది. పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, బావంచాలు, ఎండు గులాబీ రేకులు, పసుపు కలిపి మరపట్టించిన సున్నిపిండిని నూనె రాసుకున్న ఒంటికి నలుగు పెడితే, వేళ్ల కింద సన్నగా గరగరలాడి జిడ్డుతోపాటు ఉండలుగా రాలుతుంది. తూములోకి పోయేది తిండిగింజల పిండి, కుళ్లిపోతుంది. ఒళ్లు రుద్దుకునే పీచూ అంతే. నైలాన్ వల ఉండ పోగులు పోగులుగా అరుగుతుంది, ముదిరి ఎండిన బీరకాయ పీచు పెరట్లో పారేస్తే మట్టిలో కలిసిపోతుంది.

అయితే షాపులో ‘నేచురల్’ అని ముందు పెద్దగా రాసినంత మాత్రాన నమ్మకండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో పాలీఇథిలీన్, నైలాన్-12, పీఎంఎంఏ (పాలీమిథైల్ మెథాక్రిలేట్), అక్రిలేట్స్ కోపాలిమర్ లాంటి ప్లాస్టిక్ పేర్లు ఉన్నాయేమో చూడండి. చివరిది కొన్నిసార్లు నీటిలో కరిగే రకం, కరిగేవాటిని ఐరోపా చట్టమూ వదిలేసింది.

ఆ చట్టం 2023లో వచ్చింది, రుద్దుకునే పూసలను వెంటనే ఆపేసింది. కడగకుండా వదిలేసే క్రీములకు 2029 దాకా, అమెరికా చట్టం ఊసెత్తని లిప్‌స్టిక్‌కు 2035 దాకా గడువిచ్చింది.