తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకి: అపోహలు - వాస్తవాలు

పాలమూరులో లైసెన్సుతో తుపాకుల రిపేరు పని చేస్తాను. పెద్దవాళ్ల నుంచి వచ్చిన పన్నెండు బోర్ తుపాకులు తెచ్చేవాళ్లకు నేను చెప్పే మాటలివి.

అపోహ: తాత తుపాకి కాబట్టి ఇప్పుడది నాదే.
వాస్తవం: 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు మనిషికి ఇస్తారు, కుటుంబానికి కాదు. లైసెన్సుదారు చనిపోతే ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి, వారసుడు తన పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. క్లీనింగ్ సంగతి ఆ తర్వాతే.

అపోహ: ఏళ్ల తరబడి ముట్టనే లేదు, ఖాళీగానే ఉంటుంది.
వాస్తవం: ఎవరి మాటా నమ్మొద్దు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా, మూతి మనుషుల వైపు లేకుండా మడత (గొట్టాలు కిందికి వంగే చోటు) తెరిచి రెండు గొట్టాలూ చూడండి. లోపల తూటా ఇరుక్కుని ఉంటే పొడిచి తీయొద్దు. పని తెలిసినవాళ్లకు వదిలేయండి.

అపోహ: ఉప్పు కాగితంతో రుద్ది తళతళలాడిస్తే కొత్తదైనట్టే.
వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే పని ఇదే. గొట్టాలు ఊడదీసి, తూటా పెట్టే వైపు అడుగున చూస్తే చిన్న చిన్న ముద్రలుంటాయి. ఇంగ్లండు తుపాకి అయితే అవి లండన్‌లోనో, 1813లో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లోనో (తుపాకులను పరీక్షించి ముద్ర వేసే చోటు) కొట్టినవి. ఆ తుపాకిని పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్)కే పరీక్షించారా, ఇప్పటి తూటాల్లో వాడే నైట్రో మందుకూ పరీక్షించారా అన్నది వాటిని చదివే తెలుసుకోవాలి. రుద్దితే ఆ ఆధారం పోతుంది. ఇనుము, ఉక్కు పట్టీలు మెలితిప్పి చేసిన డమాస్కస్ గొట్టాల మీది అలల గీతలూ చెరిగిపోతాయి. పైన ఎంత మెరిసినా లోపల తుప్పు తిన్న గుంటలు ఉండొచ్చు. గొట్టం గోడ మందం గేజ్‌తో కొలవాల్సిందే.

అపోహ: తూటా పట్టింది, మడత మూసుకుంది, ఇంక భయం లేదు.
వాస్తవం: చాలా పాత ఇంగ్లండు తుపాకుల్లో తూటా కూర్చునే చాంబర్ పొడవు 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాలు ఎక్కువగా 70. ఆ 70 అన్నది పేలాక తూటా మూతి విచ్చుకున్న పొడవు. మూతి మడిచి ఉన్నప్పుడు తూటా పొట్టిగానే ఉంటుంది కాబట్టి పాత చాంబర్‌లోనూ సులువుగా దిగుతుంది. పేలినప్పుడు ఆ తూటా మూతి మడత పూర్తిగా విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. చాంబర్ కొలిపించకుండా తూటాలు కొనొద్దు.

అపోహ: చెట్టుకు కట్టి, తాడుతో ఒకసారి పేల్చి చూస్తే తెలిసిపోతుంది.
వాస్తవం: ఒకసారి తట్టుకుందంటే రెండోసారీ తట్టుకుంటుందని కాదు. గొట్టాల కింది ముందుచెక్క తీసి, తుపాకి మూసి, గొట్టాలూ కట్టా (భుజానికి ఆనించే చెక్క) పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. ఏమాత్రం లూజుగా అనిపించినా రిపేరుకు ఇవ్వాలి.

అపోహ: నూనె ఎంత పోస్తే అంత మంచిది.
వాస్తవం: కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురై లోపలి భాగాలను పట్టేస్తుంది. గన్ ఆయిల్ అయినా ఎక్కువైతే కట్ట చెక్కలోకి ఇంకి, చెక్క మెత్తబడుతుంది. గొట్టాలు లోపల తూటా వైపు నుంచి మూతి వైపు తుడిచి, పలుచని పూత చాలు. నూనె వేశాక కొన్ని గంటలు మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. దసరా ఆయుధ పూజలో పెట్టిన పసుపు, కుంకుమ తడి ఇనుము మీద ఉంటే చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. పూజ కాగానే పొడిగుడ్డతో తుడిచి నూనె రాయండి.