పాలిప్ ఉందన్నారు, మరి క్యాన్సరేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బరంపురంలో ఎండోస్కోపీలు చేస్తుంటాను. ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, గుణుపురం, అన్ని వైపుల నుంచీ వస్తారు, కొందరు తెలుగు, కొందరు ఒడియా, రెండూ కలిపి కొట్టేవాళ్ళు ఇంకొందరు. రిపోర్టు మాత్రం అందరికీ ఇంగ్లిషులోనే ఇస్తాం, అది మా తప్పే. అందులో పాలిప్ అన్న మాట కనపడగానే పిల్లలు ఫోన్లో వెతుకుతారు, రెండో లైన్లోనే క్యాన్సర్ అని వస్తుంది, ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్రుండదు.

పాలిప్ అంటే లోపలి పొర మీద లేచిన చిన్న కండ, అంతే.

అపోహ: కడుపులో కండ లేచిందంటే క్యాన్సర్ మొదలైనట్టే.

వాస్తవం: ఎక్కడుంది, ఏ రకం, ఎంత సైజు, ఈ మూడూ తెలియకుండా భయపడి లాభం లేదు. గ్యాస్ బిళ్ళ లేని ఇల్లు మన దగ్గర ఉందా? ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి ఏళ్ళ తరబడి మింగేవాళ్ళకి జీర్ణాశయంలో 2, 3 మిల్లీమీటర్ల కండలు లేవడం మామూలే. ఫండిక్ గ్లాండ్ పాలిప్స్ అంటాం, వంశంలో పాలిప్స్ జబ్బు లేనివాళ్ళలో ఇవి క్యాన్సర్‌గా మారడం దాదాపు ఉండదు. గాల్ బ్లాడర్‌లో కనపడేవి చాలావరకు గోడకంటిన కొలెస్ట్రాల్ ముద్దలే. 10 మిల్లీమీటర్లు దాటితే ఆపరేషన్ మాట ఎత్తుతాం, చిన్నవైతే వయసునీ సైజునీ బట్టి మళ్ళీ స్కానింగ్ చేస్తాం, ఒక్కోసారి అదీ అక్కర్లేదు.

పెద్దపేగు సంగతి కాస్త వేరు. అక్కడ అడినోమా అనే రకం ఉంటుంది, వాటిలో కొన్ని మాత్రమే క్యాన్సర్‌గా మారతాయి, అదీ చాలావరకు పదేళ్ళ పైమాటే. కొలనోస్కోపీలోనే, అంటే పెద్దపేగు లోపలికి గొట్టం పంపి చూసే పరీక్షలోనే, వైరు ఉచ్చు వేసి తీసేస్తే ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది. బయాప్సీలో, అంటే ముక్క తీసి చేసే పరీక్షలో, 'లో గ్రేడ్ డిస్‌ప్లేజియా' (కణాల్లో కొద్దిపాటి మార్పు) అని చూసి ఏడుస్తూ ఫోన్ చేస్తారు. అడినోమా అన్నాక అది ఉండనే ఉంటుందండీ, క్యాన్సర్ అని దాని అర్థం కాదు.

అపోహ: బరువు తగ్గిపోతున్నాను, కాబట్టి అదే.

వాస్తవం: పర్లాకిమిడి వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. రెండు నెలల కిందట వేరేచోట ఎండోస్కోపీ చేసి 3 మిల్లీమీటర్ల పాలిప్ అన్నారట. కూర్చోకుండానే చొక్కా పైకెత్తి బెల్టు చూపించారు, మేకుతో పొడిచిన కొత్త కన్నం, అంచులింకా గరుగ్గానే ఉన్నాయి. "నిజం చెప్పీండి బాబూ, ఎన్నాళ్ళుంటాను?" అన్నారు. ఏం తింటున్నారని అడిగితే ఆయన మాట్లాడలేదు, భార్య చెప్పింది: పొద్దున జావ, రాత్రి రెండు ముద్దల పెరుగన్నం. ఆయన పాలిథిన్ సంచిలో స్టేపుల్ చేసిన కవరొకటి అలాగే ఉంది. బయాప్సీ రిపోర్టు. భయపడి విప్పలేదు! నేనే విప్పి చదివాను, ఫండిక్ గ్లాండ్ పాలిప్. నెల తర్వాత వచ్చినప్పుడు బెల్టు పాత కన్నానికి వచ్చింది.

టెన్షన్‌తో ఆకలి చస్తుంది, కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ఇవన్నీ చూసుకుని మనిషి ఇంకా హడలిపోతాడు. అలాగని తేలిగ్గా తీసుకోమనడం లేదు. మామూలుగా తింటూనే బరువు పడిపోవడం, ముద్ద దిగకపోవడం, మలం తారులా నల్లగా పోవడం, కారణం తెలియకుండా రక్తం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆలస్యం చేయకండి.

అపోహ: ముక్క తీస్తే రెచ్చిపోయి ఒళ్ళంతా పాకుతుంది.

వాస్తవం: పాకదు. లోపలి పొరకి నొప్పి కూడా తెలియదు, తీసిన సంగతి చాలామందికి మేం చెబితేనే తెలుస్తుంది.

అపోహ: రక్తం పడితే మొలలే.

వాస్తవం: ఇది నన్ను నిజంగా భయపెట్టే అపోహ. గోడల మీద బోర్డులు చూసి మొలల వైద్యానికి పోయి, ఏడాది కట్లు కట్టించుకుని, ఆఖర్న నా దగ్గరకొస్తారు. 45 దాటినవాళ్ళకి రక్తం పడితే పేగు లోపల చూడాల్సిందే. తల్లికో తండ్రికో తోబుట్టువులకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే రక్తం పడేదాకా ఆగొద్దు, 40 ఏళ్ళకే ఒకసారి చూపించుకోండి.

మొన్న ఇచ్ఛాపురం తీరం వైపు నుంచి ఒకావిడ వచ్చింది, గాల్ బ్లాడర్‌లో 4 మిల్లీమీటర్ల పాలిప్, కోడలి చెయ్యి వదలడం లేదు. దానికేం కాదని చెప్పి, ఎందుకో అనుమానం వచ్చి నోరు తెరవమన్నాను. అంగిలి తెల్లగా బిరుసెక్కి ఉంది, మధ్య మధ్య ఎర్ర చుక్కలు. అడ్డపొగ. నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు, అంగిలి క్యాన్సర్‌కి దారి తీసేది అదీ.

"అదా బాబూ, అది నలభై ఏళ్ళుగా ఉన్నదే. ముందు ఆ పాలిప్ సంగతి చూడు."