తామరలన్నీ ఒకటి కాదు: ఎగ్జిమా మీద అపోహలు, వాస్తవాలు

"మేడమ్, తామర వచ్చింది." చర్మ వైద్యురాలిగా ఈ మాట రోజూ వింటాను. చిక్కంతా ఈ మాటతోనే. ఫంగస్ వల్ల గుండ్రంగా, అంచు పైకి లేచి పాకే మచ్చనూ తామర అంటాం, చర్మం వాచి, పొడిబారి దురద పెట్టే ఎగ్జిమానూ తామరే అంటాం. మొదటిది అంటుకుంటుంది, రెండోది అంటుకోదు. ఎగ్జిమాకు మేలు చేసే స్టెరాయిడ్ క్రీమునే ఫంగస్ మచ్చకు రాస్తే నాలుగు రోజులు దురద తగ్గి, ఆ తర్వాత తొడలంతా పాకుతుంది. మెడికల్ షాపులో పేరు చెప్పి తెచ్చుకున్న ట్యూబుతో ఇలా ముదిరిన కేసులు లేని రోజు ఉండదు.

అపోహ: రక్తం చెడిపోయి వస్తుంది, వంకాయ, గోంగూర, చేపలు మానేస్తే పోతుంది.

వాస్తవం: పసిపిల్లల బుగ్గల మీద మొదలై తర్వాత మోచేతి, మోకాలి మడతల్లో చేరేది అటోపిక్ ఎగ్జిమా. ఈ పిల్లల చర్మం పైపొర తేమను పట్టి ఉంచలేదు. ఇంట్లో ఉబ్బసం, తుమ్ముల అలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువ. తీవ్రంగా ఉన్న కొందరు పసివాళ్లలో గుడ్డు, పాలు ప్రేరేపించవచ్చు, కానీ అది డాక్టరు తేల్చాలి. పథ్యమంటూ చారన్నంతో సరిపెట్టి, ఎముకలు తేలిన బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఆమె తప్పేం లేదు, అందరూ చెప్పిందే చేసింది.

అపోహ: సున్నిపిండితో బాగా రుద్ది, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేస్తే చర్మం శుభ్రపడుతుంది.

వాస్తవం: ఈ మూడూ ఎగ్జిమా చర్మానికి పడవు. గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల్లోపు స్నానం. తువాలుతో అద్ది, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ పట్టించాలి. ధారాళంగా రాయండి, చిన్న ట్యూబు నెలంతా వచ్చిందంటే సరిపడా రాయలేదన్నమాట. వేపాకు ముద్ద కూడా వద్దు, పగిలిన చర్మాన్ని మండిస్తుంది.

అపోహ: కారణం ఎవరికీ తెలియదు.

వాస్తవం: తగిలిన వస్తువు వల్ల వచ్చే కాంటాక్ట్ ఎగ్జిమాలో మచ్చ ఉన్న చోటే సగం కారణం చెబుతుంది. బొడ్డు కింద ఉంటే జీన్స్ బొత్తాం, చెవి తమ్మెకు ఉంటే గిల్టు కమ్మ: రెండింట్లోనూ నికెల్ అనే లోహం. నుదుటి మధ్య గుండ్రంగా దురద పెడితే స్టిక్కర్ బొట్టు వెనక జిగురు. తాపీమేస్త్రి చేతులు పగిలితే సిమెంటులోని క్రోమియం. పొలం పనికి వెళ్లేవాళ్ల ముఖం, కనురెప్పలు, మెడ మందమెక్కితే గట్ల మీది వయ్యారిభామను అనుమానిస్తాను, దాని కణాలు గాల్లో వచ్చి తగులుతాయి. ఒకామెకు ఎడమచేతి మూడు వేళ్ల కొనలే పగిలాయి. "వెల్లుల్లి ఏ చేత్తో పట్టుకుంటావమ్మా?" అన్నాను. ఆమె తన వేళ్ల వంక చూసుకుంది.

తేలకపోతే ప్యాచ్ టెస్ట్ ఉంది. అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద అంటించి 48 గంటల తర్వాత తీసి చూస్తాం, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తాం.

కాలి చీలమండ పైన నల్లబడి దురద పెడితే కారణం ఉబ్బిన సిరలు కావచ్చు. అప్పుడు క్రీము ఒక్కటే చాలదు, సిరలకూ వైద్యం కావాలి.

అపోహ: స్టెరాయిడ్ ముట్టుకుంటేనే చర్మం పాడవుతుంది.

వాస్తవం: పాడుచేసేది నెలల తరబడి, అడగకుండా, ముఖానికి కూడా రాయడం. సరైన బలం, సరైన రోజులు అయితే అది మంచి మందే. పెద్దవాళ్ల చూపుడువేలి కొన కణుపు పొడవునా పిండితే దాదాపు అర గ్రాము, వేళ్లతో కలిపి రెండు అరచేతులంత చోటికి సరిపోతుంది. పసుపు రంగు పక్కు కట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి.

వచ్చేటప్పుడు ఇంతవరకు రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని రండి.