1881కి ముందు మా వాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదా?

మొన్నామధ్య మా తమ్ముడు గ్రూప్-2కి ప్రిపేరవుతూ వసారాలో కూర్చుని గట్టిగా బట్టీ కొడుతున్నాడు, తెలుగునాట మొట్టమొదటి వితంతు వివాహం 1881 డిసెంబర్ 11, రాజమండ్రి, కందుకూరి వీరేశలింగం అని. పక్కనే అమ్మమ్మ మిరపకాయలకి తొడిమలు తీస్తోంది, ఎండాకాలం గుంటూర్లో ఏ వసారా చూసినా ఇదే సీన్ లెండి, తుమ్ములతో సహా. రెండు మూడుసార్లు విన్నాక, "మొదటిదేంట్రా, మా మామ్మది మారుమనువేగా, వాళ్ళమ్మదీ అంతేనంట, అదేమన్నా వింతా?" అంది. వాడు "అది లెక్కలోకి రాదులే అమ్మమ్మా" అనేసి పేజీ తిప్పాడు.

ఎందుకు రాదు? ఇప్పుడు చరిత్ర చదివేవాళ్ళు ఇంటర్‌సెక్షనాలిటీ అని పెద్ద మాట వాడుతున్నారే, అంటే కులం, జాతి, ఆడామగా తేడా వీటిని విడివిడిగా కాక కలిపి చూడటం, అది అడిగేది ఇదే. కూలి చేసుకునే, చేతిపని చేసుకునే చాలా కులాల్లో మొగుడు పోయిన ఆడమనిషి మళ్ళీ మనువాడటం ఎప్పట్నుంచో ఉంది. కుదరనిది బ్రాహ్మణ ఇళ్ళల్లోనూ, వాళ్ళని చూసి నడుచుకునే ఇళ్ళల్లోనూ. వీరేశలింగం గారు చేసింది చిన్న పనని నేననను, వెలి వేస్తామని బెదిరిస్తుంటే నిలబడి చేశాడు ఆయన. కానీ కొన్ని కులాల ఆడవాళ్ళ కష్టం "తెలుగు స్త్రీ సమస్య" అయి కూర్చుంది, మిగతా వాళ్ళు పుస్తకంలోంచి జారిపోయారు.

జారిపోవడంతో ఆగితే సరే, దెబ్బ కూడా తగిలింది. 1856లో కంపెనీ ప్రభుత్వం హిందూ వితంతు పునర్వివాహ చట్టం తెచ్చింది, పాఠాల్లో దీన్ని మంచి చట్టంగానే చెప్తారు, నిజమే కూడా. అయితే దాని రెండో సెక్షన్ ప్రకారం మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఆవిడకి మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుంది, ఆస్తి వరకు ఆవిడ చనిపోయినట్టే లెక్క. మరి ఆ చట్టంతో పనే లేకుండా కులాచారం ప్రకారం మారుమనువు చేసుకునే వాళ్ళ సంగతేంటి? అలహాబాద్ హైకోర్టు వాళ్ళ ఆస్తి పోదంది. బొంబాయి, కలకత్తా, మద్రాస్ కోర్టులు మాత్రం పోతుందన్నాయి, మన గుంటూరూ బెజవాడా అప్పుడు ఉన్నది మద్రాస్ కిందే. అంటే ఒక ఇంటి ఆడపిల్లకి తలుపు తీసిన చట్టమే ఇంకో ఇంటి ఆడపిల్ల చేతిలో పొలం చెక్క లాగేసుకోడానికి సాకు అయింది! "స్త్రీలకి మేలు జరిగిందా" అని ఒక్క ప్రశ్నే అడిగితే ఇది ఎప్పటికీ కనపడదు.

ఈ ఇంటర్‌సెక్షనాలిటీ అన్న మాట పుట్టింది అమెరికాలో, 1989లో, కింబర్లీ క్రెన్షా అనే నల్లజాతి లా ప్రొఫెసర్ రాసిన వ్యాసంలో. ఆవిడ ఎత్తి చూపిన కేసుల్లో ఒకటి 1976 నాటిది. జనరల్ మోటార్స్ కంపెనీలో సీనియారిటీ లెక్కన ఉద్యోగులని తీసేస్తే, వెనకొచ్చి చేరిన నల్లజాతి ఆడవాళ్ళంతా పోయారు, ఎందుకంటే 1964కి ముందు వాళ్ళని అసలు తీసుకోనేలేదు. కోర్టు ఏమంది? ఆడవాళ్ళు పనిచేస్తున్నారుగా (తెల్లవాళ్ళు), కాబట్టి ఆడవాళ్ళన్న వివక్ష లేదు, ఇక జాతి సంగతైతే దాన్ని వేరే కేసులో తేల్చుకోండి, రెండూ కలిపి తెస్తే కుదరదు అంది. దీనికి క్రెన్షా రోడ్ల కూడలి పోలిక చెప్పింది. మన బెంజ్ సర్కిల్ అనుకోండి, మద్రాసు-కలకత్తా హైవే ఒకపక్క, హైదరాబాద్-బందరు రోడ్డు ఇంకోపక్క, మధ్యలో నుంచున్న మనిషిని ఏ బండి గుద్దిందో తేలకపోతే ఏ స్టేషన్లోనూ కేసు రాసుకోరు.

మాట కొత్తదే గానీ చూపు కొత్తది కాదు. 1855లోనే పుణేలో ఫూలే దంపతుల బడిలో చదివిన, అంటరానివాళ్ళుగా చూసే మాంగ్ కులం పిల్ల ముక్తాబాయి, పద్నాలుగేళ్ళది, మా ఆడవాళ్ళు నెత్తిన కప్పు లేకుండా వానలో చలిలో ప్రసవిస్తున్నారని రాసింది. 1916లో అంబేద్కర్ కొలంబియాలో చదివిన పేపర్లో సతి, వితంతువుల్ని అలాగే ఉంచెయ్యడం, బాల్య వివాహం, ఇవన్నీ కులాన్ని కాపాడుకునే పద్ధతులేనని విడమర్చి చెప్పాడు.

బెజవాడనే తీసుకోండి. 1921లో కాంగ్రెస్ సమావేశాలు, గాంధీకి పింగళి వెంకయ్య జెండా ఇవ్వడం, స్కూలు పిల్లాడిని అడిగినా గడగడా చెప్తాడు. దానికి నాలుగేళ్ళ ముందు, 1917 నవంబర్లో, అదే ఊళ్ళో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ (అంటే అంటరానివాళ్ళని ముద్ర వేసిన కులాల) మహాసభ జరిగి, "పంచములం కాదు, ఆది ఆంధ్రులం" అని పేరు మార్చుకుంది, వీళ్ళు గుడిలోకి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ గుడిని మూడు రోజులు మూసేశారు. ఇది ఎంతమందికి తెలుసు? సరే, తెలిసి చెప్పేవాళ్ళ నోటా నాకు వినపడిన పేర్లన్నీ మగవాళ్ళవే. సభకి వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ఆ మూడు రోజులు కూలికెళ్ళి పిల్లలకి ముద్ద పెట్టిందెవరో ఎవరన్నా అడిగారా?

అడగాలంటే కాగితాలు చాలవు, మనుషుల్ని మాట్లాడించాలి. 1986లో స్త్రీ శక్తి సంఘటన అనే ఆడవాళ్ళ సంఘం వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ చేత చెప్పించి పుస్తకం వేశారు, నాకైతే అదే దారి అనిపిస్తుంది.

అందుకే ఆ సాయంత్రం అమ్మమ్మ పక్కన చేరి నేనూ నాలుగు కాయలకి తొడిమలు తీస్తూ కదిలించాను. మామ్మ మొదటి మొగుడు కలరాతో పోయాడంట, చంకలో పిల్లనేసుకుని ఈ ఊరొచ్చిందంట. అక్కడ ముప్పై సెంట్లు చెక్క ఉండేదంటగా, అదేమైంది అన్నాను.

"ఏమవుద్ది, వాళ్ళ బావలే దున్నుకున్నారు. మారుమనువెళ్ళినదానికి చెక్కెవరిస్తారే?" అంది, కళ్ళలో ఘాటు పడి కొంగుతో తుడుచుకుంటూ.