చేప పిల్లలన్నీ నీటికాకులే తిన్నాయా? కొన్ని అపోహలు, వాస్తవాలు

చెరువుల్లో చేప పిల్లలు వదిలిన పది పదిహేను రోజులకు నా ఫోన్ మోగడం మొదలవుతుంది. నర్సంపేట నుంచైనా, పరకాల నుంచైనా మాట ఒకటే. "సార్, నీళ్లకాకులు పిల్లలన్నిటినీ మింగినయ్. ఏమన్న మందున్నదా?" అడిగేది చేపల మందు కాదు, పక్షుల మందు. దీనికి తోడు ఒక్కో నీటికాకి రోజుకు రెండు కిలోల చేప తింటుందని ఎవరో వాట్సాప్‌లో తిప్పుతున్నారు. మత్స్య సహకార సంఘాల మధ్య తిరిగే పని నాది. విడివిడిగా అందరికీ చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చెరువులో చేప తగ్గిందంటే నీటికాకులే కారణం. వాటిని లేకుండా చేస్తే దిగుబడి పెరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొడుతున్న నమ్మకం ఇదే. మిగతావి తర్వాత రెండు ముక్కల్లో చెప్తాను.

ముందు ఆ రెండు కిలోల సంగతి. మన చెరువుల మీద ఎక్కువగా ఉండేది చిన్న నీటికాకి. దాని ఒళ్లే అరకిలో అటూ ఇటూ తూగుతుంది. తన బరువుకు నాలుగింతలు రోజూ ఎలా తింటుంది? 70 నుంచి 100 గ్రాములు దొరికితే దాని పొట్ట నిండుతుంది. చలికాలంలో పెద్ద జలాశయాల మీద కనిపించే పెద్ద నీటికాకి రెండు మూడు కిలోలు ఉంటుంది. అదైనా రోజుకు అరకిలో దగ్గర ఆగుతుంది.

అలాగని నష్టమే లేదని నేను అనను. లెక్క వేసి చూడండి. చెరువు మీద 60 చిన్న నీటికాకులు ఉన్నాయి, ఒక్కోటి 80 గ్రాములు తింటుంది అనుకుందాం. రోజుకు 4.8 కిలోలు. అవి అచ్చంగా మీ పిల్లల్నే తిన్నాయనుకున్నా, 80-100 మిల్లీమీటర్ల పిల్ల దాదాపు 10 గ్రాములు ఉంటుంది కాబట్టి పోయేవి 480. అదే 35-40 మిల్లీమీటర్ల పిల్ల అయితే గ్రాము తూగడమే కష్టం. అప్పుడు రోజుకు దగ్గర దగ్గర 5,000 పోతాయి. పక్షులు అవే, ఆకలి అదే, మారింది మీరు వదిలిన సైజు. పైగా పెద్ద పిల్ల రెండు మూడు నెలల్లో చిన్న నీటికాకి గొంతు పట్టనంత అవుతుంది. చిన్న పిల్ల అన్నాళ్లూ దాని ముక్కు ముందే తిరుగుతుంది.

తెలంగాణలో 2016-17లో సర్కారు ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలైంది. ఏడాది పొడవునా నీళ్లుండే చెరువులకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు, కొన్నాళ్లే నీళ్లుండే కుంటలకు 35-40 మిల్లీమీటర్లవి ఇవ్వడం ఆ పథకంలో పద్ధతి. కానీ సంఘాల్లో చాలామందికి పట్టింపు సంఖ్య మీదే. "లక్ష పోసినం సార్" అంటారు. ఎంత పొడుగున్నాయని అడిగితే వేలు చూపిస్తారు, వెళ్లి చూస్తే ఆ వేలులో సగం ఉంటాయి. పిల్లల్ని తెచ్చిన బండి దగ్గరే ఒక పళ్లెంలో గుప్పెడు పిల్లల్ని తీసి స్కేలు పెట్టి కొలవండి. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఇక పక్షి తినేదంతా మీ బొచ్చె, రవ్వ, మోసు పిల్లలే అనుకోవడం కూడా తప్పు. వర్ధన్నపేట దగ్గర ఒక చెరువులో తెల్లవారుజామున వలలో చిన్న నీటికాకి చిక్కింది. థర్మాకోల్ తెప్ప మీదికి తీస్తుంటే బెదిరి కడుపులోది కక్కేసింది. ఈ జాతికి అది అలవాటే. ఐదారు పరకలు (చెరువులో వాటంతట అవే పెరిగే చిన్న చేపలు), ఒక రొయ్య, ఒక చిన్న తిలాపియా. తల వైపు నుంచి మింగుతుంది కాబట్టి తిలాపియాకు తల దగ్గర అప్పటికే అరిగిపోయింది, తోక చెక్కుచెదరలేదు. వల విప్పుతున్న బాపు వాటిని వేలితో అటూ ఇటూ జరిపి చూసి, "గీ పరకల కోసమా నేను దీన్ని ఇన్నొద్దులు తిట్టింది" అన్నాడు. ఒక్క పక్షి కడుపు చూసి తీర్పు చెప్పలేం, ఒప్పుకుంటాను. కానీ పరకలు, తిలాపియా మీ చేపల మేతకు పోటీ వచ్చేవే. వాటిని తింటున్నప్పుడు ఆ పక్షి మీ పనే చేసిపెడుతోంది.

మరి పిల్లలు ఎటు పోయాయి? ఒక ఊళ్లో నేను చూసింది చెప్తాను. కైకలూరు వైపు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి బండి పొద్దున్నే వచ్చింది. పిల్లల్ని వదలాల్సిన పెద్దమనిషి రాలేదు. ఆక్సిజన్ సంచుల్ని కట్ట మీద ఎండలో వరసగా పేర్చి, పక్కన పూలదండ పెట్టుకుని అందరూ ఎదురుచూశారు. ఆయన మధ్యాహ్నం వచ్చి, ఫొటో దిగి, ఒక్కచోటే సంచులు గుమ్మరించి వెళ్లిపోయారు. సంచిలో చెయ్యి పెడితే నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. కాసేపటికి తూము దగ్గర పిల్లలు పక్కకు వాలి పొట్టలు తేలేశాయి. అప్పుడు వచ్చాయి నీటికాకులు, వాటి వెనకే కొంగలు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, పక్షులు తినేశాయని. తిన్నాయి, నిజమే. చచ్చినవాటిని, చావబోతున్నవాటిని.

ఆ తర్వాతి లెక్క మత్తడిది, అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగుది. చెరువు నిండి మత్తడి దుంకితే ఊరికి సంబరం. జాలీ కట్టని సంఘానికి మాత్రం ఆ నీళ్లతోపాటే పెట్టుబడి కింది చెరువుకు పోతుంది. జాలీ కట్టినా చెత్త అడ్డుపడి నీళ్లు పైనుంచి దాటుతుంటే లాభం లేదు, వాన పడ్డ రోజుల్లో ఎవరో ఒకరు వెళ్లి చెత్త తీస్తుండాలి.

ఇంకా మిగిలింది నీళ్లలోనే ఉన్న దొంగ. వాలుగ, కొర్రమీను. ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు మడుగుల్లో వల లాగి వీటిని తీసేయకపోతే, వానాకాలం మీరు పోసేది వాటికి మేత. కొర్రమీనుకు మార్కెట్లో మంచి ధర ఉంది కాబట్టి దాని మీద నేరం మోపడానికి ఎవరికీ మనసు రాదు. పగలు మొద్దు మీద రెక్కలు చాపుకుని కూర్చున్న పక్షి అందరి కంట్లో పడుతుంది. రాత్రి నీళ్ల అడుగున తిరిగే మూడు కిలోల వాలుగ గురించి నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. సంచుల్ని విప్పకుండా చెరువు నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు తేలనివ్వండి. తర్వాత చెరువు నీళ్లు కొద్దికొద్దిగా సంచిలోకి కలపండి. పొద్దు గూకే వేళ వదలండి. నీటికాకి పగటి వేటగాడు, చీకటి పడేసరికి చెట్టెక్కుతుంది. పిల్లలకు చెదిరిపోవడానికి ఒక రాత్రి దొరుకుతుంది. ఒక్కచోట గుమ్మరించకుండా తెప్ప మీద తిరుగుతూ నాలుగైదు చోట్ల వదలండి. చిన్న పిల్లలే వచ్చాయంటే చెరువు ఒడ్డున వల కంచె కట్టి గానీ, పక్కన చిన్న గుంత తవ్వి గానీ, తవుడు, పల్లి చెక్క మేపి వేలెడంత చేసి చెరువులోకి వదలండి.

ఇక 'మందు' సంగతి. చేపలో గుళికల మందు పెట్టి గట్టు మీద వేసే పని ఎవరైనా చెబితే వాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఆ చేప నీటికాకే తింటుందన్న హామీ లేదు. కుక్క తింటుంది, కొంగ తింటుంది, కాస్త నీళ్లలోకి జారిందంటే మీ చేపను కొనేవాడు ఉండడు. నాటు తుపాకీ, ఉచ్చు కూడా అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నీటికాకిని చంపడం, గుడ్లు, గూళ్లు పాడుచేయడం నేరం. రెండు క్వింటాళ్ల చేప కోసం కేసులో ఇరుక్కుని సంఘం పరువు పోగొట్టుకోకండి. పోనీ చంపితే తగ్గుతాయా? జర్మనీలోని బవేరియాలో పెద్ద నీటికాకుల్ని ఏటా వేల సంఖ్యలో కాల్చారు. ఖాళీ అయిన చోటికి వలస పక్షులు మళ్లీ వచ్చి చేరాయి. నీళ్లు, చేప ఉన్నంతకాలం వస్తూనే ఉంటాయి.

అపోహ: పక్షుల నష్టమంతా కట్టుకథ.

ఇది హనుమకొండలో కెమెరా మెడకేసుకుని తిరిగే మిత్రుల అపోహ. వాళ్లంటే నాకు గౌరవమే, కానీ పిల్లల్ని పెంచే చిన్న గుంట ఉన్న రైతు ముందు ఈ మాట అనకండి. పావెకరం నీళ్లలో వేల పిల్లలు కిక్కిరిసి ఉంటే నీటికాకికి వేట కూడా అక్కర్లేదు, వడ్డించిన విస్తరే. అప్పు చేసి విత్తనం తెచ్చినవాడికి రాత్రి నిద్ర పట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఆ టెన్షన్ నిజమైనది.

అలాంటి చోట పైన దారాలు కట్టడమే దారి. కంటికి కనిపించే రంగు నైలాన్ దారాన్ని అడుగు, అడుగున్నర ఎడంతో నిలువుగా, అడ్డంగా బిగించాలి. నీటికాకికి నీళ్ల మీద నుంచి లేవడానికి కాస్త పరుగు దూరం కావాలి. పైన దారం కనిపిస్తే దిగడానికే జంకుతుంది. చిన్న నీటికాకి తెలివైనది, గట్టు మీద దిగి నడుచుకుంటూ వస్తుంది కాబట్టి చుట్టూ మోకాలెత్తు వల కూడా కావాలి. వదులుగా వేలాడే సన్న తంగూసు (నైలాన్ పోగు) వల మాత్రం పరచకండి, పక్షులు చిక్కుకుని చస్తాయి.

మిగతావి గబగబా.

బాంబులు పేలిస్తే రావు అంటారు. మూడు నాలుగు రోజులు రావు. తర్వాత ఆ చప్పుడుకే అలవాటు పడతాయి. దిష్టిబొమ్మ అయినా రోజూ చోటు మారుస్తుంటేనే పనిచేస్తుంది. తెల్లవారగానే గుంట చుట్టూ తిరిగే మనిషి వీటన్నిటికంటే నయం.

గూళ్లున్న చింతచెట్టు కొట్టేస్తే పోతాయి అంటారు. పక్క చెట్టుకు పోతాయి. అదీ నేరమే.

రెట్టతో నీళ్లు విషమవుతాయి అంటారు. మేత పెరగాలని పేడ మనమే వేస్తున్నాం కదా. చెరువంత నీళ్లలో ఆ రెట్ట ఎంత?

జబ్బులు పక్షులే తెస్తాయి అన్నది కొంత నిజం. కొన్ని కడుపు పురుగులకు చేపను తినే పక్షి ఒక మజిలీ. కానీ మీరు ఎక్కువగా బాధపడేది చేప పేనుతో, అది పక్షితో కాదు, సాధారణంగా విత్తనంతోనే వస్తుంది. బండి వచ్చినప్పుడు పళ్లెంలో కొలుస్తున్న పిల్లల్నే దగ్గరగా చూడండి. ఒంటి మీద, రెక్కల మొదట్లో లేత ఆకుపచ్చ చుక్కలా ఏదైనా అంటుకుని ఉంటే గోరుతో తట్టండి. కదిలి పక్కకు జరిగిందంటే అది పేనే. ఆ బండి విత్తనం దించుకోకండి.